లాంచీ మధ్యలో వినీల

వినీల భారీ మనిషి. అయినా తను ఆయాగా పనిచేసే రాజమండ్రి వృద్ధాశ్రమంలో ఆమె నడిస్తే చెప్పుల చప్పుడు వినిపించదు. పని వేళల్లో ఆమె కూర్చోగా చూసినవాళ్లూ లేరు. మతిమరుపు జబ్బున్నవాళ్లను చూసుకునే పద్ధతి నెల్లాళ్లు నేర్చుకొచ్చాక, వాళ్లతో వాదించడం మానేసింది. ఆవేళ భోజనాల దగ్గర, ఒకప్పుడు గోదావరి మీద లాంచీ నడిపిన ముసలయ్య కంచం తోసేశాడు. "అందరూ ఒక పక్కే కూర్చున్నారు, లాంచీ ఒరిగిపోద్ది!" నిరుడైతే "ఇది లాంచీ కాదు తాతగారూ" అనేది, ఆయన పస్తుండేవాడు. ఇప్పుడు ఫ్యాను కింద చేరినవాళ్లలో సగంమందిని బతిమాలి అవతలి బల్లకు మార్చింది. "సరిపోయిందాండి?" ముసలయ్య అటూ ఇటూ చూసి, కంచం దగ్గరకు లాక్కున్నాడు. "నువ్వు మాత్రం సరిగ్గా మధ్యలో కూర్చోవమ్మా. నీ బరువుకి ఎటు కూర్చున్నా మునిగిపోతాం." హాలంతా ఘొల్లుమని నవ్వింది. వినీల బుద్ధిగా మధ్యలో కూర్చుంది.