ఆ పూట వేయనివ్వని ఆముదం

మొన్న మా కోడలు పనిచేసే హైటెక్ సిటీ అద్దాల మేడలో కొత్త కంపెనీల ప్రదర్శన ఏదో పెడితే, ఇంట్లో ఊరికే కూర్చోవడం ఎందుకని నన్నూ వెంటబెట్టుకెళ్ళింది. అక్కడ ఒక అమ్మాయి రెండు గాజు పాత్రల్లో యాసిడ్ పోసి చెరో ఉక్కు ముక్క వేసి చూపిస్తోంది. ఒకదాంట్లో ముక్క బుసబుసా నురగలు కక్కుతూ తరిగిపోతుంటే, ఆముదం కలిపిన రెండోదాంట్లో నిమ్మళంగా ఉంది. ఆ వాసన తగిలేసరికి నేను అక్కడే ఆగిపోయాను.

మీలో ఆ రోజుల్లో జీడిమెట్ల బస్సు ఎక్కినవాళ్ళుంటే అక్కడి ఘాటు గాలి గుర్తుండే ఉంటుంది. డిగ్రీ కాగానే అక్కడొక పైపుల కార్ఖానా ల్యాబులో నన్ను చేర్పించింది మా చిన్నాయన, అంటే నాన్న తమ్ముడు. ఆయన అక్కడే యాసిడ్ తొట్టి దగ్గర పనిచేసేవాడు. తుప్పు వదిలించడానికి పైపులను ఆ తొట్టిలో ముంచేవారు. తుప్పు పోయాక యాసిడ్ ఉక్కునే తినడం మొదలుపెడుతుంది గనుక, చిన్నాయన కుంకుడు రసంలో ఆముదం పోసి, మజ్జిగ కవ్వంతో తెల్లగా చిలికి అందులో కలిపేవాడు. నేను మొదట నవ్వాను. తరవాత ఎవరూ చూడకుండా ఉక్కు ముక్కలు ముంచి, తూచి, ఆయన చేస్తున్నది సరైనదేనని తెలుసుకుని కూడా ఆ మాట ఆయనతో అనలేదు, చదువుకున్నవాణ్ణన్న పొగరు.

ఒకసారి పైపులు కొనేవాళ్ళు కార్ఖానా చూడటానికి వస్తున్నారంటే, ఆ జిడ్డూ వాసనా చూసి నవ్వుతారేమోనని, ఆ పూట ఆముదం వేయవద్దని చిన్నాయనకు గట్టిగా చెప్పాను. వచ్చినవాళ్ళకు మర్యాదలు చేస్తూ పైపులు తీయించడం ఆలస్యం చేసిందీ నేనే. బయటికి తీసేసరికి అవి గుంటలు పడి ఎందుకూ పనికిరాకుండా పోయాయి. యజమాని మాత్రం ఇదంతా ముసలాడి నూనె చేసిన పనేనని మండిపడ్డాడు. నూనె వేయనే లేదని, వద్దన్నది నేనేనని ఒక్క మాట చెబితే సరిపోయేది. నేను తల దించుకుని నిలబడ్డాను. చిన్నాయన ఒకసారి నా వంక చూశాడు, నా పేరు మాత్రం ఎత్తలేదు. సాయంత్రానికల్లా ఆయన్ని పనిలోంచి తీసేశారు. గేటు దగ్గర నా భుజం తట్టి, "ఫికర్ జెయ్యకు బిడ్డా, నాకేంది, ఏడనన్న బతుకుత. నీ నౌకరి జర పైలం" అన్నాడు.

తరవాత కూకట్‌పల్లిలో ఒక అపార్ట్‌మెంటుకు వాచ్‌మన్‌గా చేరి, అక్కడ ఉండగానే పోయాడు. ఆయన బతికుండగా చూడటానికి వెళ్ళినప్పుడల్లా తప్పు నాదేనని ఒప్పుకుందామనుకునేవాణ్ణి, చిన్నమ్మ ఇచ్చిన చాయ్ తాగి వచ్చేసేవాణ్ణి. ఆ సిగ్గు ఇవాళ్టికీ పోలేదు.

ఇప్పుడు అదే ఆముదానికి చల్లటి ఏసీ గదిలో చప్పట్లు కొడుతున్నారు. ఆ అమ్మాయి చేతులకు తొడుగులున్నాయి. చిన్నాయన వేళ్ళు ఏడాది పొడుగునా పగిలే ఉండేవి. నా ముఖంలో ఏం కనిపించిందో, "మీరు ఇంతకుముందు ఇది ఎక్కడైనా చూశారా అంకుల్?" అని అడిగింది. కోడలు కూడా నా వైపు తిరిగింది. రాళ్ళగుట్టలున్న చోట మేడలు లేచాయి, మనుషుల బతుకులు ఎంతో మారాయి, ఇన్నేళ్ళలో నేనూ కాస్త మారి ఉంటాననుకుని నోరు తెరిచాను.

"లేదమ్మా, ఇదే మొదటిసారి" అన్నాను.