మీ కాల్ మాకెంతో ముఖ్యం

మొన్న ఆరోగ్య బీమా రెన్యువల్ నోటీసు వచ్చింది. ప్రీమియం చూడగానే పుట్టిన గుండెదడకు ఆ పాలసీయే వర్తిస్తుందేమో కనుక్కుందామని కంపెనీకి ఫోన్ చేశాను. కాసేపు వీణ మోగింది. ఆపైన చెవిలో పనసతొన జారినట్టు ఒక ఆడగొంతు, "మీ కాల్ మాకెంతో ముఖ్యం. దయచేసి లైన్‌లోనే ఉండండి" అంది. నేను కుర్చీలోంచి లేచి నిలబడిపోయాను. ముఖ్యమంత్రి గారేమోనని మా ఆవిడ టీవీ కట్టేసింది. అంతకన్నా పెద్దవాళ్లే. ఆ గొంతు మా దమయంతి గారిది.

దమయంతి గారు ఫిల్మ్‌నగర్‌లో డబ్బింగ్ కళాకారిణి. మాదాపూర్‌లో రాత్రికి ఒక అద్దాల మేడ మొలుస్తున్న ఆ రోజుల్లో, తెలుగు రాని హీరోయిన్లందరూ ఆవిడ గొంతుతోనే ప్రేమించారు, అలిగారు, విషం తాగారు. ఆవిడ డబ్బింగ్ థియేటర్లో ఏడిస్తే యూసుఫ్‌గూడ కుళాయిల్లో నీళ్లొచ్చేవి. సిద్దిపేట నుంచి బస్సు దిగిన నన్ను పక్కన నిలబెట్టుకుని, డైలాగులు అందించే పని నేర్పింది ఆవిడే. మొదటి రోజు హుషారులో రెండు మాటలు నా సొంతవి కలిపి అందించాను. తెర మీద హీరోయిన్ నోరు మూసుకుంది, డైలాగు మాత్రం నడుస్తూనే ఉంది. ఆవిడ హెడ్‌ఫోన్ తీసి, నా వైపు తిరిగి, "ఒరేయ్ నాన్నా, పెదవి మూసుకున్నచోట మాట పెట్టకూడదురా. జనానికి అబద్ధం దొరికిపోయేది అక్కడే" అన్నారు.

అప్పుడే కొత్తగా పెట్టిన ఒక బీమా కంపెనీ, ఫోన్‌లో వినిపించడానికి ఆవిడ గొంతు కావాలని వచ్చింది. ఒక్క టేకులో చెప్పేశారు. చెప్పి, బయటికొచ్చి విని, ఆ కంపెనీ పాలసీయే కొనేశారు. ఇదేం పని అని అడిగితే, "అంత నమ్మకంగా చెప్పిందిరా ఆవిడ, కొనకుండా ఎలా ఉంటాం" అన్నారు. తన గొంతుకు తనే పడిపోయిన మనిషిని నేను మళ్లీ చూడలేదు. ఆపైన ఏటేటా ప్రీమియం హీరో పారితోషికంలా పెరిగింది, కవరేజి హాస్యనటుడి పాత్రలా ఎడిటింగ్‌లో తరిగిపోయింది. ముందు పళ్లు పోయాయి, తరవాత మోకాళ్లు పోయాయి. ఆవిడవి కావు, పాలసీలోవి.

చివరికి ఆవిడ గొంతులో కాయ లేచింది. వెంటనే ఆపరేషన్ చెయ్యకపోతే ఆ గొంతు ఇక రాదని, అందాకా గుసగుసగా కూడా మాట్లాడొద్దని డాక్టరు కట్టడి చేశాడు. చేతిలో ఉన్నది ఆ పాలసీ ఒక్కటే. ఆవిడ తరఫున నేను కంపెనీకి ఫోన్ చేసి స్పీకరు పెట్టాను. "మీ కాల్ మాకెంతో ముఖ్యం" అన్నారు దమయంతి గారు, నోరు మూసుకుని నా పక్కన కూర్చున్న దమయంతి గారితో. ఆ గొంతు మమ్మల్ని ఎంతసేపు నిలబెట్టిందంటే, ఆలోగా ఒక సినిమా మొదలై, విడుదలై, ఫ్లాపయి ఉంటుంది. ఆవిడ లేచి చెప్పులేసుకున్నారు.

జూబ్లీహిల్స్‌లో కంపెనీ ఆఫీసు. అక్కడి ఏసీకి పెంగ్విన్లు కూడా శాలువా అడుగుతాయి. మేనేజరు టై సర్దుకుంటూ, "సారీ మేడమ్, ఈ ఇయర్ రెన్యువల్ నుంచి మీకు థ్రోట్ కవర్ కాదండీ. గొంతు వాడటమే మీ ప్రొఫెషన్ కదా, రిస్క్ ఎక్కువ" అన్నాడు. నాకు ఒళ్లు మండి, సిద్దిపేట తిట్లన్నీ నాలుక చివర వరుస కట్టాయి. ఆవిడ నా మోచెయ్యి పట్టుకుని, తన పెదవులు చూడమని సైగ చేశారు. మాట లేకుండా పెదవులు కదిలాయి. నేను గొంతిచ్చాను. ఆవిడ పెదవుల మీద గోదావరి యాస, నా నోట్లో సిద్దిపేట.

"నా గొంతును పాలసీలకెల్లి తీసేసిండ్రు గదా. మంచిది. మీ ఫోన్లకెల్లి గూడ తీసేయుండ్రి, గియ్యాల్నే."

మేనేజరు ఒకసారి ఆవిడ పెదవులను, ఒకసారి నా నోటిని చూశాడు. నా దగ్గర తిట్లు ఇంకా బోలెడున్నాయి. కానీ ఆవిడ పెదవులు మూసుకున్నాయి. నేనూ మూసుకున్నాను. ఆ నిశ్శబ్దంలో పక్క బల్ల మీద స్పీకరు ఫోన్ నుంచి పనసతొన జారింది, "దయచేసి లైన్‌లోనే ఉండండి" అని. అతను గొంతు సవరించుకుని, అద్దాల గదిలోకి వెళ్లి, బొంబాయితో చాలాసేపు మాట్లాడి, టై వదులు చేసుకుని తిరిగొచ్చాడు.

ఆపరేషన్‌కు ఒప్పుకున్నారు. గది అద్దెలో కోత పెట్టారు, చేతి తొడుగులూ దూదీ మావి కావన్నారు. మరుసటి ఏడు గొంతుతోపాటు చెవి, ముక్కు కూడా తీసేశారు. "ఇక మిగిలింది నుదురేరా, అదీ రాత కోసం" అని ఆవిడ నవ్వారు. ఆ నవ్వు బొంగురుగా ఉంది. పదహారేళ్ల పిల్లల గొంతు తిరిగి రాలేదు గానీ, అత్తల గొంతు అద్భుతంగా వచ్చింది. ఆవిడ గదిమితే మా స్టూడియోలో హీరోలు కూడా కాళ్లు దగ్గర పెట్టుకునేవారు. పోయేదాకా అలా గదుముతూనే ఉన్నారు.

మొన్న ఫోన్‌లో కంపెనీ మనిషి దొరికేసరికి కాఫీ చల్లారి, తొరక కట్టింది. ఈసారి ఏమేం తీసేశారో అతను చదివాడు. అది నా శరీరమో, వేలం పాటో అర్థం కాలేదు. నచ్చకపోతే మానుకోవచ్చు అన్నట్టు ఆగాడు. నేను దేన్నయినా వెయ్యి రెట్లు పెంచి చెప్పగలవాణ్ని. అయినా ఒక్క మాటే అడిగాను, "జర మళ్ల హోల్డ్‌ల పెట్టు తమ్మీ". పెట్టాడు. "ముఖ్యం" తరవాత, "దయచేసి" ముందు, ఆవిడ చిన్న ఊపిరి ఒకటి తీసుకుంటారు. అంతసేపూ ఆ పెదవులు మూసుకునే ఉంటాయి.