ఐసు ట్యాంకులో వేసే 'మందు'

ఈ సంగతి రెండు పత్రికలకు రాసి పంపాను. ఒకరు జవాబే ఇవ్వలేదు, ఇంకొకరు మరీ పొడుగ్గా ఉందన్నారు. నా మాట సగానికి కోసిన వీడియో మాత్రం ఊరంతా చూసింది. అందుకే మళ్లీ రాస్తున్నాను.

కరోనా తగ్గిన మరుసటి ఏడాది. విశాఖ ఫిషింగ్ హార్బర్ దగ్గర ఒక ఐస్ ప్లాంటులో నేను ఆపరేటర్ని. అక్కడ బ్రైన్ ట్యాంకు, అంటే ఉప్పునీటి తొట్టి ఉంటుంది. మంచినీళ్లు నింపిన పొడవాటి ఇనుప డబ్బాలను అందులోకి దించుతాం. ఉప్పునీటి చలికి డబ్బాల్లో నీళ్లు గడ్డకడతాయి. ఉప్పునీరు మాత్రం గడ్డకట్టకుండా అప్పుడప్పుడూ క్యాల్షియం క్లోరైడ్ కలుపుతాం. మా పనివాళ్లు దాన్ని 'మందు' అంటారు. అది డబ్బా బయటే ఉంటుంది, ఐసులోకి పోదు.

ఒకరోజు ఐసు కోసం వచ్చిన ఒకాయన ఫోను పైకెత్తి అడిగాడు.

"ఏటి బావా, ఏటి కలుపుతన్నావ్?"

"కనపడ్డం నేదేటి? మందు. మందు నేకపోతే ఐసెలా కడతాది?"

నవ్వుతూ అన్నాను. ఆ వెంటనే తొట్టి, డబ్బాలు చూపించి అంతా వివరించాను కూడా. ఆ వివరం తీసేసి, నా నవ్వు దాకా ఉంచి, 'చేపల ఐసులో విషం' అని పెట్టాడు. ఆ తర్వాత ఎన్నిసార్లు చేసినా నా ఫోను ఎత్తలేదు.

ఎల్లమ్మ మా ఐసులోనే చేపలు పెట్టుకుని బీచ్ వైపు ఒక అపార్టుమెంటులో ఇంటింటికీ అమ్మేది. ఆ వారమే నిండు తట్టతో ప్లాంటుకొచ్చి నా ముందు దింపింది.

"వాచ్‌మేను గేటుకాడే ఆపీసినాడు. మందు సేపలంట! ఫోన్లో నీ మొకమే సూపించాడు. పళ్లికిలించి మరీ సెప్పినావు గదరా!"

"అది సేపల్లో ఏసేది కాదప్పా."

"నాకు తెల్దేటి? ఆలకి సెప్పు, పద!"

వెళ్లాం. ఆ వీడియోను అపార్టుమెంటు వాట్సాప్ గ్రూపులో పెట్టింది సెక్రటరీ గారే. గేటు లోపల నిలబడే మాట్లాడారు.

"నేను తీయలేదు కదండీ. నాకొచ్చింది, జాగ్రత్తపడతారని పంపాను."

"అయితే ఇదీ పంపండి," అని తొట్టి మొత్తం కనపడేలా నేను తీసిన వీడియో, నంబరు అడిగి, అక్కడికక్కడే ఆయన ఫోనుకు పంపాను.

"గ్రూపులో గొడవలెందుకు? నాలుగు రోజులైతే వాళ్లే మర్చిపోతారు."

ఎల్లమ్మ గేటు ఊచ పట్టుకుంది. "బాబూ, మీ పాపకి ముల్లు నేకుండా ముక్క తీసిచ్చింది నానే గదా. ఆ పిల్లకి నాను విషం పెడతానా?"

ఆయన ఫోను వైపు చూస్తూ లిఫ్టెక్కారు. ఆ తట్టలో చేపలు సాయంత్రానికి మెత్తబడ్డాయి. పారబోశాం.

వీడియోను జనం నిజంగానే మర్చిపోయారు. గేటు మాత్రం తెరుచుకోలేదు. మిగతా అపార్టుమెంట్లూ అదే దారి పట్టాయి. ఎల్లమ్మ ఇప్పుడు ఒక షెడ్డులో రొయ్యలు ఒలుస్తోంది. పొద్దస్తమానం ఐసు నీళ్లలో నాని వేళ్లు పగిలాయి. నేను ఎదురుపడితే తల తిప్పుకుంటుంది.

మా ప్లాంటులో ఇప్పుడెవరినీ 'మందు' అననివ్వను, పూర్తి పేరు పలకమంటాను. ఫోను పట్టుకున్నవాడి ముందు సరదాకి కూడా నోరు విప్పను. నేను నేర్చుకున్నది ఇదే. నేర్చుకోవలసినవాళ్లు ఇంకా ఉన్నారు.

సెక్రటరీ గారూ, నా వీడియో మీరు చూసినట్టు ఆరోజే నీలం టిక్కులు పడ్డాయి. ఎల్లమ్మ చేపల్లో విషం ఉందా, లేదా? నాకు కాదు, ఆ గ్రూపులోనే చెప్పండి.