ఆమేన్ అన్నాకే పిండాలి

మా అత్తకు వంటింట్లో గడియారంతో పని లేదు. ఉగ్గానికి, అంటే మా వైపు మరమరాలతో చేసే ఉప్మాకు, బొరుగులు నీళ్ళలో వేసి, కళ్ళు మూసుకుని, ప్రభువు నేర్పిన ప్రార్థన మొదలుపెడుతుంది. అది అయ్యాక ఇంట్లో వాళ్ళ పేర్లు ఒక్కొక్కటే చెప్పి దేవునికి అప్పగిస్తుంది. ఆమేన్ అనగానే రెండు చేతులా బొరుగులు తీసి గట్టిగా పిండేస్తుంది. ముందే తీస్తే పళ్ళకింద కరకరమంటాయి, ఆలస్యమైతే అంబలి అవుతాయి. కొత్త కోడలిగా వచ్చినప్పుడు ఎంతసేపు నానాలని అడిగాను.

"ఒక ప్రార్థన సేపు" అంది.

నాకు నవ్వొచ్చింది.

"నగుతావేమే? పొయ్యి కాడ పడినోళ్ళకు మోకాళ్ళ మీద కూసునే తీరిక యాడుంటాది? ఆ సంగతి దేవునికి తెల్దా?"

అప్పటినుంచి నా ప్రార్థన కూడా బొరుగుల్లోనే నానుతోంది. కదిరి రోడ్డులో బస్సులు ఆగేచోట మాకు టిఫిను బండి ఉంది. కోడి కూయకముందే లేవాలి, ఉల్లిగడ్డలు తరగాలి, పప్పుల పొడి కొట్టాలి, బజ్జీలకు పిండి కలపాలి. మొదటి బస్సు వచ్చేసరికి పొగలొచ్చే ఉగ్గాని బండి మీద ఉండాలి. శుక్రవారం ఉపవాస ప్రార్థనకు పోవడం నావల్ల కాదు. ఒకసారి మా అయ్యగారు, అంటే మా మందిరం పాస్టరుగారు, మెత్తగానే అడిగాడు, ఇంట్లో ప్రార్థన ఎప్పుడు చేసుకుంటావమ్మా అని. బొరుగులు నానేటప్పుడు అయ్యగారూ అన్నాను. ఆయన ఉగ్గాని వైపు చూసి, "అయితే రోజూ తప్పదులే" అన్నాడు. ఒప్పుకున్నాడో, ఆకలి మీదున్నాడో తెలియదు. ఒక ప్లేటు మాత్రం తిని పోయాడు.

ఈ పద్ధతిలో చిక్కు ఒకటే. నా మనసులో ఏముందో ఊరంతా తినేస్తుంది. ధర్మవరానికి మగ్గం పనికి పోయే అన్న ఒకడు రోజూ మా దగ్గరే తింటాడు. ఆయన వెంకటేశ్వరస్వామి భక్తుడు, నుదుట నామం చెరగదు. అయినా నా భక్తి ఎట్లా ఉందో ఆయనకు తెలిసినట్టు మా అయ్యగారికి కూడా తెలియదు.

"అక్కా, ఈ పొద్దు ప్రార్థన బిర్న ముగించినట్టుండావే. బొరుగులు కరకరమంటాండాయి."

"బస్సు ముందే వచ్చిందన్నా, ఏం చేసేది."

"బస్సు కోసరం దేవుణ్ణి దించేస్తే ఎట్లక్కా?"

ఉగ్గాని మెత్తబడిందంటే మరీ ముప్పు. ఆయన చెంచాతో కెలికి, మా ఆయన వైపు జాలిగా చూసి, "రాత్రి ఏం చేసినావు బావా?" అంటాడు. ఎందుకంటే ఆ ప్రార్థనలో ఎదుటివాళ్ళ తప్పులు మన్నించే మాట ఒకటుంది. మా ఆయన మీద కోపంగా ఉన్న రోజున నేను ఆ మాట దగ్గర ఆగిపోతాను. మన్నించకుండా మన్నించానని దేవునితో అబద్ధం ఎట్లా చెప్పేది? నేను అక్కడ ఆగితే బొరుగులు ఆగవు కదా, అవి నీళ్ళు తాగుతూనే ఉంటాయి.

ఇట్లా సాగుతుండగా రోడ్డు వెడల్పు చేస్తామని వచ్చారు. బండి తీసేయాల్సిందే. ఇంకెక్కడ పెట్టుకోవాలో తెలియక నేను దిగులుపడుతుంటే, ఆ మగ్గం అన్నే తన యజమాని ఇంట్లో మా సంగతి చెప్పాడు. వాళ్ళది పట్టుచీరల వ్యాపారం. ఆ ఇంట్లో కూతురి నిశ్చితార్థం ఉంది. పొద్దున టిఫినుకు ఉగ్గాని, బజ్జీ మమ్మల్నే చేయమన్నారు. "మగపెళ్ళివాళ్ళు మెచ్చుకుంటే మా బంధువుల ఇళ్ళల్లో శుభకార్యాలన్నిటికీ నిన్నే పిలిపిస్తానమ్మా" అని ఆ ఇంటావిడ మాటిచ్చింది. మెచ్చుకోకపోతే ఏమవుతుందో ఆమె చెప్పలేదు, నేను అడగలేదు. బండి ఎట్లాగూ ఉండదు.

ఆ రోజు అత్త, నేను, మా ఆయన ఆటోలో బయలుదేరాము. బొరుగుల మూటలు రెండూ, సామానూ మా ఇద్దరి మీద ఉన్నాయి. మా ఆయన ముందు కూర్చున్నాడు. ఆయనకు అప్పగించింది ఒక్క సంచి, బజ్జీ మిరపకాయలది. దారిలో టీ కోసం ఆటో ఆపించాడు. ధర్మవరంలో దిగాక చూస్తే సంచి లేదు.

"మిరక్కాయల సంచి యాడప్పా?"

"నీ కాడ లేదా?"

ఆ ఒక్క మాట. టీ అంగట్లో బల్ల మీద మర్చిపోయానని ఉంటే సరిపోయేది. నీ కాడ లేదా అట! అదే ఆటోలో ఆయన్ని వెనక్కి పరిగెత్తించాను.

ఇంటావిడ పెరట్లో పొయ్యి చూపించింది. మగపెళ్ళివాళ్ళు ఊరి పొలిమేర దాటారని ఎవరో కేకేశారు. నేను గంగాళంలో నీళ్ళు పోసి ఒక మూట బొరుగులు కుమ్మరించి కళ్ళు మూసుకున్నాను. ప్రార్థన బాగానే మొదలైంది. తిండి అడిగే మాట దాటాను. మన్నించే మాట దగ్గరికి వచ్చేసరికి గేటు దగ్గర ఆటో ఆగింది. కళ్ళు తెరిచాను. ఆయన సంచి ఎత్తి చూపిస్తూ, పెళ్ళికొడుకు మాదిరి నవ్వుతూ వస్తున్నాడు.

"దొరికినాయే! టీ అంగడాయన తీసి పెట్టినాడు. శానా మంచోడు."

"మళ్ళీ టీ తాగినావా?"

"ఆయనే ఇచ్చినాడు. కాదంటే బాగుండదని..."

ఇక నేను దేవుణ్ణి అక్కడే నిలబెట్టి, మనసులో పెళ్ళినాటినుంచీ ఉన్న సంగతులన్నీ తవ్వడం మొదలుపెట్టాను. మా చెల్లెలి పెళ్ళికి పోతూ ఆయన మమ్మల్ని వేరే ఊరి బస్సు ఎక్కించడం దగ్గరికి వచ్చాను.

"ఆమేన్ యాడ పోయిందే?" అని అత్త అరిచింది.

గంగాళంలో చెయ్యి పెట్టాను. బొరుగులు లేవు, అంబలి ఉంది.

అత్త ఒకసారి గంగాళంలోకి చూసింది, ఒకసారి కొడుకు వైపు చూసింది. సంగతి ఆమెకు చెప్పనక్కరలేదు.

"ఇంకొక మూటే ఉండాది. వాణ్ణి మన్నించన్నా మన్నించు, లేదంటే గేటు బయటికన్నా పంపు. ఏదో ఒకటి బిర్న చెయ్యి మే!"

నేను ఆయన వైపు చూశాను. మిరపకాయల సంచిని చంటిబిడ్డలా రెండు చేతులా పట్టుకుని, ఏం జరిగిందో తెలియక నిలబడి ఉన్నాడు. రోడ్డు వస్తోంది, బండి పోతోంది, పిల్లల చదువులున్నాయి. ఇంత పెద్ద సంగతులన్నీ దేవుని చేతిలో పెట్టినదాన్ని, ఒక మిరపకాయల సంచిని మాత్రం ఇయ్యకుండా నా దగ్గరే దాచుకున్నాను. నాకే నవ్వొచ్చింది.

"ఏమప్పా, నిన్ను మన్నించినా. పో, మిరక్కాయలు కడుగు."

"నేనేం చేసినా?"

"అది మళ్ళా చెప్తా."

ఇంటావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వడం కనబడింది. రెండో మూట వేసి, ఈసారి నేనూ అత్తా కలిసి పైకే ప్రార్థన చేశాము. ఎక్కడా ఆగలేదు. పేర్లలో మొదట ఆయన పేరే చెప్పి త్వరగా దాటేశాను. ఆమేన్ అని పిండితే, బొరుగుకు బొరుగు విడివిడిగా, మెత్తగా వచ్చింది. తాలింపులో వేసి కలుపుతుంటే ఇంటావిడ దగ్గరికొచ్చి, "మీ దేవుని మాటలే కావల్నా, మా గోవింద నామాలకూ నానుతాయా?" అని రహస్యంగా అడిగింది. మధ్యలో ఎవరి మీదా కోపం రాకుంటే దేనికైనా నానుతాయి అని అత్త చెప్పింది. ఆమె అటూ ఇటూ చూసి, "అయితే మా ఇంట్లో కష్టమే" అంది.

మగపెళ్ళివాళ్ళు తిన్నారు. పెళ్ళికొడుకు మేనమామ మారు అడిగాడు. మారు లేదు. మారు పెట్టాల్సిందంతా పెరట్లో ఆవు ముందు ఉంది. అది మాత్రం ఏ వంకా పెట్టకుండా నాకేసింది. మారు లేదని చెప్పేటప్పుడు ఇంటావిడ ముఖం చిన్నబోయింది. తిరుగుదారిలో ఆటోలో మా ఆయన ఖాళీ సంచిని వదలకుండా ఒళ్ళో పట్టుకుని కూర్చున్నాడు.

బండి తీసేసే రోజు రానే వచ్చింది. మా ఆయన రేకులు విప్పుతున్నాడు. మగ్గం అన్న కూడా ఒక చెయ్యి వేశాడు. అప్పుడు ఫోను మోగింది. పట్టుచీరల ఇంటావిడ.

"మా ఆడబిడ్డ ఇంట్లో నామకరణం ఉండాదమ్మా. టిఫిను నువ్వే చెయ్యల్ల. ఈసారి మారు వడ్డించేకి కూడా ఉండల్ల."

"అట్లే అమ్మా, ఉంటాది."

"ఇంకొక మాట. మీ ఆయన్ని ఇంటి కాడనే మన్నించి రా తల్లీ. ఆడ ఆవు లేదు."

నేను పక్కున నవ్వాను. రేకు కింద పెట్టి మా ఆయన అడిగాడు, "ఏమంట?"

"నీ గురించే."

"నేనేం చేసినా?"

అత్త అప్పటికే మిరపకాయల సంచి మడిచి తన నడుమున దోపుకుంది.