ఒక్క దిక్కు మనిషి

మిర్యాలగూడ శివారులో, రైస్ మిల్లుల వెనకనున్న ఖాళీ స్థలంలో మొన్న ఆదివారం పొద్దున ఉన్నవి ఇవి: రెండు ఇనుప స్తంభాలు, నడుమ కొంచెం జారిన వాలీబాల్ నెట్, సున్నంతో గీసిన గీతలు, ఒక నీళ్ల డ్రమ్ము, పదకొండు బైకులు, పన్నెండుమంది ఆటగాళ్లు, ఈల మరిచిపోయి నోటితోనే ఊదుతున్న రెఫరీ, ప్రహరీగోడ మీద వరుసగా కూర్చున్న పందొమ్మిదిమంది, ఒక మేక. నేను మిల్లులో బాయిలర్ తనిఖీకి వచ్చాను. అది చల్లారడానికి ఇంకో గంట పడుతుందంటే బయటికి నడిచాను. ఉడికిన వడ్ల వాసన గాలిలో తడిగా, తియ్యగా నిలిచి ఉంది. మిల్లు ఆవిరి గ్రౌండు మీదికి పల్చగా దిగుతోంది. అందులో బంతి పైకి లేచి, కాసేపు ఎటూ పోవాలని లేనట్టు ఆగి, కిందికి వచ్చింది. అరచేయి బంతిని కొట్టిన చప్పుడు. గోడ మీద ఎవరో అన్నారు: "లిఫ్టు సక్కగ లేకుంటే ఆడు మాత్రం ఏం కొడ్తడు?" ఇంకొకరు వెంటనే అందుకున్నారు: "కొట్టెటోడు లేకుంటే లిఫ్టు ఎవనికి, కాకులకా?"

ఈ వాదన నాకు కొత్త కాదు. కోదాడలో ఇంజనీరింగ్ చదివిన నాలుగేళ్లూ దీన్నే విన్నాను. ఆ నాలుగేళ్లలో నేను నేర్చుకున్న వాటిలో పనికొచ్చినవి ఎక్కువ భాగం కాలేజీలో చెప్పలేదు. హైవే పక్కన ఒక ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో, ఇనుప కుర్చీలో కూర్చునే అంజయ్య మామ చెప్పాడు. ఆయన నాకు చుట్టం కాదు. ఆయన ఆఫీసు మీద గదిలో నేను కిరాయికి ఉండేవాణ్ని, అంతే. మాది సూర్యాపేట, ఆయనది తిరుమలగిరి వైపు ఒక ఊరు. లోడు ఉన్నవాడికి లారీని, లారీ ఉన్నవాడికి లోడును కలపడం ఆయన వృత్తి. వాలీబాల్ టోర్నమెంట్లు జరిగే కాలంలో ఆయనకు ఇంకో పని ఉండేది. ఫలానా ఊరి జట్టుకు మంచి ఆటగాడు కావాలంటే ఆయన దగ్గరికే వచ్చేవారు. ఆయన ఒక పేరు చెప్పేవాడు, మాట ఇచ్చేవాడు, ఆ రోజు పొద్దున్నే ఆ ఆటగాడు ఆ గ్రౌండులో ఉండేవాడు. ఈ పనికి ఒక పేరు ఉందని అప్పట్లో మాకెవరికీ తెలియదు. ఆఫీసు ముందు పంక్చర్ షాపు నడిపే మస్తాన్ మాత్రం ఒక పేరు పెట్టాడు.

"బ్రోకరన్నా, టీ చెప్పావా?" అనేవాడు మస్తాన్. "ధాన్యం బస్తాలు, సిమెంటు బస్తాలు, ఇప్పుడు మనుషులు. ఏం లోడైనా ఎత్తుతావు కదా నువ్వు!"

"ఎత్తుతరా. గని కమీషన్ ఒక్క దిక్కే తీసుకుంట," అనేవాడు అంజయ్య మామ, రశీదు పుస్తకంలోంచి తల ఎత్తకుండానే. "ఆడెటోని దిక్కు. టీము దిక్కుది ముట్ట. రెండు దిక్కుల తీసుకున్నోడు ఎవ్వని మనిషి గాడు."

మధ్యాహ్నాలు ఎండ తారురోడ్డు మీద నీళ్లలాగా మెరిసేది. దూరంగా వచ్చే లారీలు ఆ నీళ్లలో తేలుతున్నట్టు కనిపించేవి. మస్తాన్ ట్యూబును బకెట్టులో ముంచి బుడగలు వెతుకుతూ వాదించేవాడు. అతనికి బంతిని పైకి ఎత్తి అందించే లిఫ్టరే గొప్ప. నాకు దాన్ని అవతలికి కొట్టే స్మాషరే గొప్ప. చిలుకూరు దగ్గర తండా నుంచి వచ్చే రవీందర్ నాయక్ స్మాష్ కొట్టే తీరు చూసినవాడెవడైనా నా పక్షమే చేరతాడని నా నమ్మకం. రవీందర్‌కు అప్పటికి ఇరవై ఏళ్లు. గాలిలోకి లేచాక కిందికి రావడానికి అతనికి తొందర ఉండేది కాదు.

"మంచి లిఫ్టర్ లేకపోతే మీ రవీందర్ గాల్లో దోమల్ని కొట్టుకోవాలి," అనేవాడు మస్తాన్.

నేను మాటలతో వాదించేవాణ్ని కాదు, లెక్కతో వాదించేవాణ్ని. రెండువందల పేజీల నోటుబుక్కు ఒకటి పెట్టుకున్నాను. ప్రతి ఆటగాడికీ ఒక వరుస. కొట్టినవి ఎన్ని, పాయింటు అయినవి ఎన్ని, నెట్‌కు తగిలినవి ఎన్ని, గీత బయట పడ్డవి ఎన్ని. ప్రతి సెట్టుకూ వేరే గడి. పాయింట్లలోంచి తప్పులు తీసేసి, ఆడిన సెట్లతో భాగిస్తే వచ్చేది ఆ ఆటగాడి విలువ. కోదాడ, సూర్యాపేట, మిర్యాలగూడ మూడు ఊళ్లలో రెండు సీజన్ల ఆట అందులో ఉంది. ఇప్పుడు తలచుకుంటే ఆ గ్రౌండ్లన్నీ ఒకే గ్రౌండుగా, ఆ సాయంత్రాలన్నీ ఒకే పొడుగాటి సాయంత్రంగా కలిసిపోతాయి. కాని ఆ గడులు మాత్రం దేనికది విడిగా గుర్తున్నాయి. ఆ విలువల ప్రకారం వేసిన జాబితాలో మొదటి పేరు రవీందర్‌ది. రెండో పేరుకూ అతనికీ మధ్య చాలా దూరం ఉంది.

అంజయ్య మామకు ఒక అలవాటు ఉండేది. ఎవరినైనా ఒక జట్టుకు పంపేముందు, ఆ వారం ఆ ఆటగాణ్ని ఇంటికి భోజనానికి పిలిచేవాడు. బల్ల ఉన్నా దాని మీద పెట్టనిచ్చేవాడు కాదు. చాప పరిచి కింద కూర్చోబెట్టేవాడు. నాటుకోడి కూర, జొన్నరొట్టె, పచ్చిపులుసు. నేనూ చాలాసార్లు ఆ చాప మీద కూర్చున్నాను. అది ఆయన మర్యాద అనుకున్నాను. కొన్నాళ్లకు కాదని తెలిసింది. ఆయన తినేటప్పుడు ఎవరి వంకా చూసేవాడు కాదు, లేచేటప్పుడు చూసేవాడు.

"లారీ కొనెటోడు రంగు సూస్తడా? కింద వంగి బరువు మోసే కమాన్ పట్టీలు సూస్తడు," అన్నాడొకసారి. "మనిషి కూసున్నకాడి నుంచి లేస్తడు సూడు, అప్పుడు ఎరుకైతది, ఏ పట్టీ ఇరిగిందో."

రెండువేల ఆరు ఎండాకాలంలో సూర్యాపేట జట్టుకు పెద్దగా ఉండే జానయ్య వచ్చి రవీందర్‌ను అడిగాడు. అడగడానికి కారణం నేనే. అంతకుముందు వారం ఇంటికి వెళ్లినప్పుడు నా జాబితాను జిరాక్సు తీయించి, గొప్పగా జానయ్య చేతిలో పెట్టాను. అంజయ్య మామ అతనికి మాట ఇచ్చాడు. జానయ్య రవీందర్ ఫొటోతో బస్టాండు దగ్గర ఫ్లెక్సీ కట్టించాడు. తండా వాళ్లు రెండు ట్రాక్టర్లలో ఆట చూడడానికి వస్తామన్నారు. ఇంకో నెలకు రవీందర్‌కు స్పోర్ట్స్ కోటా ఉద్యోగానికి సెలక్షన్లు ఉన్నాయి. వాళ్ల ఇంట్లో జీతం తెచ్చేవాడు అప్పటికి ఎవడూ లేడు.

ఆట నాలుగు రోజులుందనగా రవీందర్ భోజనానికి వచ్చాడు. నేనూ ఉన్నాను. తిన్నాక మాలో ఎవరమైనా ఎడమచేత్తో కంచం పట్టుకుని లేచి, పెరట్లోకి వెళ్లి చేయి కడుక్కుంటాం. కుడిచేయి ఎంగిలి కదా. రవీందర్ కూడా ఎప్పుడూ అంతే, ఒక్క ఊపులో లేచేవాడు. ఆ రోజు కంచాన్ని చాప మీదే వదిలి, ఎడమ అరచేతిని నేల మీద ఆనించి లేచాడు.

"కంచం ఉండనియ్యి బిడ్డా, నేను తీస్త," అంది అత్తమ్మ, అంటే అంజయ్య మామ భార్య. ఆమెకు అది మామూలు విషయం. అంజయ్య మామ మాత్రం ఆ కంచాన్ని చాలాసేపు చూశాడు. తర్వాత నా వంక తిరిగి, "ఇంజనీరూ, నీ బుక్కు తే," అన్నాడు.

రవీందర్ చివరి రెండు టోర్నమెంట్ల పేజీలు తీయమన్నాడు. మొదటి సెట్టులో నెట్‌కు తగిలినవి ఒకటి, రెండు. మూడో సెట్టులో ఆరు, ఏడు. గీత బయట పడ్డవి ఏ సెట్టులోనూ పెరగలేదు.

"ఇది ఏమనుకున్నవ్?"

"అలసట మామా. పక్కన రాశాను కూడా."

"అలిసినోడు నెట్‌కూ కొడ్తడు, బయటికీ కొడ్తడు. ఈడు నెట్‌కే కొడ్తున్నడు. అంటే చెయ్యి గాదు, కాలు. మునుపటంత లేస్తలేడు." పుస్తకం మూసి నా చేతిలో పెట్టాడు. "అంతా నీ బుక్కులనే ఉన్నది. నువ్వే సూడలే."

ఆ క్షణం నాకు బాగా గుర్తుంది. పెరట్లో రవీందర్ చేయి కడుక్కుంటున్న నీళ్ల చప్పుడు. గదిలో ఫ్యాను గాలికి పుస్తకం అట్ట కొద్దిగా లేస్తూ పడుతూ ఉంది. అంత కష్టపడి రాసిన అంకెలు నాకు ఒక్క మాట కూడా చెప్పలేదు.

సాయంత్రం దవాఖానలో డాక్టరు మోకాలిని వంచి చూసి, నెలరోజులు గెంతకూడదన్నాడు. గెంతితే ఆ తర్వాత ఎప్పటికీ గెంతలేకపోవచ్చన్నాడు.

"కట్టు కట్టుకొని ఆడ్త కాకా," అన్నాడు రవీందర్. "ఒక్క రోజే గదా. తండా మొత్తం వస్తున్నది. రాకుంటే భయపడ్డడంటరు."

"అననియ్యి."

"నువ్వు మాటిచ్చినవ్ గదా?"

"నా మాట నేను సూసుకుంట. నీ కాలు నువ్వు సూసుకో."

కాని దారి ఎటు? నిజం చెబితే సాయంత్రానికల్లా మూడు ఊళ్లకూ తెలుస్తుంది. సెలక్షన్లలో కూర్చునేవాళ్లూ ఆ మూడు ఊళ్ల ఆటలు చూసేవాళ్లే. మోకాలు పోయినవాడనే మాట ఒకసారి అంటుకుంటే కాలు నయమైనా మాట నయం కాదు. నేనొక ఉపాయం చెప్పాను. వాళ్లింట్లో ఎవరో పోయారని కబురు పెడదామన్నాను.

"బతికున్నోళ్లను సంపుతవారా?" అన్నాడు అంజయ్య మామ. చిన్నగా నవ్వాడు కూడా. "అబద్ధం వద్దు. నిజం మనది గాదు చెప్పనీకి, ఆ పోరనిది. ముందే చెప్తే అందరు ఆని మీద పడ్తరు. ఆదివారం నేనే పోత."

ఆదివారం పొద్దున్నే, రవీందర్‌ను అత్తమ్మ దగ్గర ఉంచి, ఆయనా నేనూ సూర్యాపేట బస్సెక్కాం. గ్రౌండు అప్పుడే తడిపారు. తడిసిన మట్టి మీద ఎండ పడి సన్నగా ఆవిరి లేస్తోంది. జానయ్య నవ్వుతూ ఎదురొచ్చి, మా వెనక ఎవరూ లేకపోవడం చూశాడు.

"ఏడి అంజన్నా, పిలగాడు?"

"రాడు జానయ్యా. ఎందుకని అడగకు. మాట తప్పింది ఆడు గాదు, నేను."

"రాడా? ఎంతకమ్ముకున్నవే, ఏ ఊరోళ్లకు?"

"ఎవ్వలకు గాదు."

"గంత పెద్ద ఫ్లెక్సీ కట్టించిన! జనానికి ఏమని చెప్పాలె? బ్రోకర్ బుద్ధి పోనిచ్చుకున్నవ్ గాదు!"

చుట్టూ జనం చేరారు. ఒకరి తర్వాత ఒకరు అన్నారు. దొంగ అన్నారు, మనుషులతో బేరాలాడతాడన్నారు. అంజయ్య మామ అన్నీ విన్నాడు. వెళ్లిపోతాడనుకున్నాను. వెళ్లలేదు. ముందు వరుసలో, అందరికీ కనిపించే చోట ఒక కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "మాట తప్పినోడు మొఖం దాసుకోవద్దురా," అని నన్నూ పక్కన కూర్చోమన్నాడు. సంగతి తెలియక, ట్రాక్టర్లలో వచ్చిన తండావాళ్లు కూడా మమ్మల్ని దాటిపోతూ మొహాలు తిప్పుకున్నారు. మధ్యలో జానయ్య నా దగ్గరికి వచ్చి, "నువ్వే గదరా రాసిచ్చినవ్ నంబర్ వన్ అని? యాడ నీ నంబర్ వన్?" అన్నాడు. నిజం నా నాలుక చివరి దాకా వచ్చింది. ఒక్క మాట, మోకాలు అన్న ఒక్క మాట చెబితే ఆయన పేరు నిలబడుతుంది. అంజయ్య మామ నా మణికట్టు పట్టుకున్నాడు. గట్టిగా కాదు, వాచీలో టైము చూస్తున్నట్టుగా. నేను నోరు మూసుకున్నాను. సూర్యాపేట జట్టు రెండు సెట్లలోనే ఓడిపోయింది.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఆయన కళ్లు మూసుకున్నాడు. పొలాలు పసుపురంగులో నెమ్మదిగా వెనక్కి జారిపోతున్నాయి. నిద్రపోయాడనుకున్నాను.

"మామా, నా జాబితా వల్లే కదా ఇదంతా?"

"లెక్క తప్పు లేదురా. బాగ రాస్తవు." కళ్లు తెరవలేదు. "గని అది ఎవ్వని కోసం రాస్తున్నవో పైన రాసుకో. కొనెటోని కోసం రాస్తే ఒక తీరు సూస్తవు, ఆడెటోని కోసం రాస్తే ఇంకో తీరు సూస్తవు."

నెల తర్వాత సెలక్షన్లకు రవీందర్ వెళ్లాడు. ఎంపిక కాలేదు. కాలు బాగానే ఉంది, ఆ రోజు ఆట బాగాలేదు. అప్పుడు అంజయ్య మామ చేసింది వృథా అయిందని మస్తాన్‌తో అన్నాను. మస్తాన్ మొదటిసారి వేళాకోళం చేయలేదు. "వృథా ఏంటి? కుర్రాడు నడుస్తున్నాడుగా," అన్నాడు. మరుసటి ఏడు రవీందర్ ఎంపికయ్యాడు, ఆ ఉద్యోగంలోనే ఉన్నాడు. సూర్యాపేట వాళ్లు మాత్రం మళ్లీ అంజయ్య మామ దగ్గరికి రాలేదు. వాళ్లను చూసి మిర్యాలగూడ వాళ్లూ రావడం తగ్గించారు. ఆయన లారీలు చూసుకుంటూ, మధ్యాహ్నాలు రోడ్డు మీది ఎండను చూసుకుంటూ మిగిలిపోయాడు. నిజం ఏమిటో ఎవరికీ చెప్పలేదు. నిరుడు తిరుమలగిరిలో పోయాడు. దినం రోజున రవీందర్ నాతో, ఇక రాయొచ్చన్నాడు. అందుకే రాస్తున్నాను.

నా ఉద్యోగంలో యంత్రాల మీద రిపోర్టులు రాయాలి. మిల్లు కొనేవాడి కోసం రాసిన రిపోర్టు వేరు, ఆ బాయిలర్ పక్కన రోజంతా నిలబడేవాడి కోసం రాసింది వేరు. అంకెలు అవే, చూసే చోటు మారుతుంది. ప్రతి రిపోర్టూ మొదలుపెట్టే ముందు కాగితం పైన మూలలో పెన్సిలుతో ఒక మనిషి పేరు రాసుకుంటాను. ఇచ్చే ముందు చెరిపేస్తాను. రవీందర్ లెక్క కూడా ఆపలేదు. మ్యాచ్ ఆడిన ప్రతిసారీ అతను ఫోన్ చేసి చెబుతాడు, నేను గడిలో రాస్తాను. పాయింట్లు అడగడం మానేశాను. సూర్యాపేటలో ఆ ఆదివారం తర్వాత ఇప్పటిదాకా రవీందర్ ఆడిన మ్యాచ్‌లు నూట అరవై మూడు.