కంప్యూటర్ వీపుకి పెట్టిన బొట్లు

మా ఇంట్లో ఒక పాత కంప్యూటర్ ఉంది. తెరా, పెట్టే కలిసి ఒకే ముక్కగా ఉండే రకం. ఆల్ ఇన్ వన్ అంటారు. కొన్న కొత్తలో పాలకొల్లులో మా వీధి మొత్తానికి అలాంటిది అదొక్కటే. చూడ్డానికి వచ్చినవాళ్ళు టేబుల్ కిందకి వంగి, "మరి సీపీయూ ఏదండీ?" అని అడిగేవారు. "లేదండీ, ఉన్నదంతా ఇదే," అని నేను మీసం దువ్వేవాణ్ణి. ఆ సంబరంలో ఒక సంగతి గమనించలేదు. దాన్ని తయారు చేసిన మహానుభావుడు, ముందువైపు ముద్దుగా కనపడాలని, వైర్లు పెట్టే రంధ్రాలన్నీ వెనక్కి తోసేశాడు. ఏది తగిలించాలన్నా ఎదురుగా నిలబడి, దాన్ని కౌగిలించుకుని, వెనక చేత్తో తడుముకోవాలి. ఆ సమయంలో ఎవరైనా ఇంటికొస్తే ఏం బాగుంటుంది?

ఆ రంధ్రాల్లో పెట్టే యూఎస్‌బీ వైరు సంగతి వేరే చెప్పాలి. దానికి ఉన్నవి రెండే వైపులు. ఒకవైపు పెడితే వెళ్ళదు. తిప్పి పెడితే వెళ్ళదు. మళ్ళీ మొదటివైపుకే తిప్పితే వెళ్తుంది. ముప్ఫై ఏళ్ళు ఆఫీసులో సూపరింటెండెంటుగా చేసినవాణ్ణి, ఇలా కదిలే ఫైళ్ళు చాలా చూశాను. అలాంటిదాన్ని ఇంటికి తెచ్చుకోవడం మాత్రం అదే మొదలు.

కొన్నేళ్ళకి ఆ కంప్యూటర్ బాగా నెమ్మదించి, మా ఆవిడ కుట్టిన గుడ్డ కప్పుకుని మూల కూర్చుంది. దసరా పూజకి తప్ప దాని మొహం చూసినవాళ్ళు లేరు. మొన్న శ్రావణ మాసంలో దాంతో మళ్ళీ పనిపడింది.

మా ఆవిడ పాడేది. కచేరీలూ అవీ కాదు. చుట్టుపక్కల ఎవరింట్లో పిల్లని పెళ్ళికూతుర్ని చేసినా, మంగళహారతి పాడ్డానికి ఆవిడకే కబురొచ్చేది. వాళ్ళ అమ్మమ్మ దగ్గర నేర్చుకున్న పాట, నాలుగు చరణాలు. ఆ వరస ఇంకెవరికీ రాదు. కిందటేడు గొంతుకి ఆపరేషన్ జరిగింది. ప్రాణానికి ఢోకా లేదన్నారు డాక్టర్లు. నిజమే, లేదు. గొంతు మాత్రం గుసగుసలోకి దిగిపోయి అక్కడే ఉండిపోయింది. ఇప్పుడు వంటింట్లోంచి నన్ను పిలవాలంటే గరిటెతో గిన్నె మీద కొడుతుంది.

ఇంతలో పెనుగొండలో మా మరదలి కూతురికి పెళ్ళి కుదిరింది. "పెద్దమ్మ పాట లేకపోతే నేను పీట మీద కూర్చోను పెదనాన్నా," అని ఆ పిల్ల ఫోన్లో మొండికేసింది. మా మరదలు ఫోన్ లాక్కుని, "బావగారూ, అప్పుడోసారి మీ కంప్యూటర్‌కి మైకు పెట్టి అక్క చేత పాడించి రికార్డు చేశాను కదండీ. ఆ నల్ల డబ్బాలోనే పెట్టాను," అంది. నల్ల డబ్బా అంటే హార్డ్ డిస్కు. పక్కనే నిలబడి ఇదంతా విన్న మా ఆవిడ స్టూలు వేసుకుని అటక మీంచి ఆ డబ్బా తీసింది. చీర చెంగుతో తుడిచి నా చేతిలో పెట్టింది.

"నాలుగు చరణాలూ ఉంటాయాండీ?" అని అడిగింది.

"ఎందుకుండవు? భేషుగ్గా ఉంటాయి," అన్నాను. పెళ్ళికూతుర్ని చేయడానికి తొమ్మిది రోజులు టైముంది.

ముందు వీధి చివర జిరాక్స్ షాపుకి వెళ్ళాను. షాపాయన డబ్బాని తన కొత్త కంప్యూటర్‌కి తగిలించాడు. తెర మీద ఏదో ప్రశ్న వచ్చింది.

"ఫార్మాట్ చేయమంటారా అని అడుగుతుందండి."

"అంటే ఏంటండీ?"

"అంటే, లోపలున్నదంతా తుడిచేసి నీటుగా ఇస్తాదండి."

"బాబ్బాబు, వద్దండీ!" అని వైరు నేనే లాగేశాను. ఇంటికొచ్చిన చుట్టాన్ని మంచినీళ్ళు ఇమ్మంటారా అని అడుగుతారు గాని, పీక పిసకమంటారా అని అడుగుతారా? అదేం మర్యాద! ఇన్నాళ్ళూ ఆ డబ్బా మా పాత కంప్యూటర్‌తోనే కాపురం చేసింది గనక దాని పద్ధతే దీనికి వచ్చుననీ, కొత్తవాటికి ఇది చదవడం రాదనీ షాపాయన చెప్పాడు. ఏడిశాయి కొత్తవి. సరే, పాతదాని కాళ్ళే పట్టుకుందామని ఇంటికొచ్చాను.

పాతది స్విచ్ వేసిన పావుగంటకి కళ్ళు తెరిచింది. దాని వెనక మొత్తం ఆరు రంధ్రాలు. రెండింట్లో కీబోర్డు, మౌసు వైర్లున్నాయి. మిగిలిన నాలుగూ ఖాళీ. డబ్బా వైరు పట్టుకుని కౌగిలింత మొదలుపెట్టాను. మొదటి రంధ్రంలోకి వెళ్ళలేదు. తిప్పాను, వెళ్ళలేదు. మళ్ళీ తిప్పాను. రెండోది, మూడోది, నాలుగోది, అన్నీ అంతే. చెమటలు పట్టాయి. తయారు చేసిన కంపెనీని తిట్టాను, అమ్మినవాణ్ణి తిట్టాను, గుడ్డ కప్పి గాలాడకుండా చేసిందని మా ఆవిణ్ణి తిట్టాను. ఆవిడ పాపం, ఫ్యాను నా వైపు తిప్పింది.

మర్నాడు బస్టాండు దగ్గర పాత కంప్యూటర్లు బాగుచేసే మెకానిక్‌ని పిలిపించాను. నెమ్మదైన మనిషి. కంప్యూటర్‌ని గోడవైపు తిప్పి, టార్చి వేసి చూసి, పుల్లతో ఒక రంధ్రాన్ని గీకాడు. పచ్చటి పొడి రాలింది. తర్వాత ఎర్రటి పొడి. తర్వాత ఒక బియ్యపుగింజ.

"ఇదేంటండి బాబూ!" అన్నాడు వాసన చూసి. "గంధమండి ఇది. దాని మీద కుంకుమ. ఇదేమో అక్షింతండి."

మా ఆవిడ నా వైపు చూసింది. నేను కిటికీలోంచి వీధి వైపు చూశాను.

చెప్పక తప్పదు. ఏటా ఆయుధ పూజకి ఇంట్లో ఉన్న ప్రతి యంత్రానికీ బొట్టు పెట్టడం నా డిపార్ట్‌మెంటు. స్కూటరు, మిక్సీ, కుట్టుమిషను, కత్తిపీట, దేన్నీ వదలను. మొదటి ఏడు కంప్యూటర్ తెర మీద పెట్టాను. మరక వదలట్లేదని ఇంట్లో గొడవైంది. మరుసటేటి నుంచి వెనక్కి మార్చాను. అక్కడ ఖాళీ రంధ్రాలు నాలుగూ వరసగా కూర్చున్న పేరంటాళ్ళలా కనపడ్డాయి. ఒకరికి పెట్టి ఒకరికి మానేస్తే తప్పు కదా? నలుగురికీ తడిగంధం, దాని మీద కుంకుమ, పైన అక్షింతలు. ఏటా, శాస్త్రోక్తంగా, వేలితో నొక్కి మరీ.

"ఆయ్, దుమ్ము పట్టినవి చూశానండి, చీమలు పెట్టినవి చూశానండి," అన్నాడు మెకానిక్. "పేరంటం చేసినది మాత్రం ఇదేనండి. ఈ నాలుగూ లోపల తుప్పు పట్టిపోయాయి. ఇంక పనికిరావండి."

మా ఆవిడ స్టూలు మీద కూలబడింది. మెకానిక్ మాత్రం మౌసు వైరు పీకి, ఆ ఖాళీలో డబ్బా వైరు పెట్టాడు. ఒక్క క్షణం పట్టింది. మౌసు పీకితే కంప్యూటర్ ప్రాణం పోతుందనుకుని నేను దాని జోలికి వెళ్ళలేదు. ఆ రెండు రంధ్రాలకీ వైర్లు అడ్డమొచ్చి బొట్టు పెట్టలేకపోతున్నానని ఏటా బాధపడేవాణ్ణి కూడా. నా భక్తి తగలనివి ఆ రెండే. అవే బతికాయి.

డబ్బా గుర్రుమంది. మెకానిక్ కీబోర్డు మీదే అటూ ఇటూ జరుపుకుంటూ వెళ్ళి, ఉన్న ఒక్క పాటా పట్టుకుని నొక్కాడు.

మా ఆవిడ గొంతు. ఏడాది తర్వాత ఆ గొంతు మా ఇంట్లో వినపడింది. ఇంత బాగా పాడేదా అనిపించింది. నిజం చెబుతున్నాను, ఏడుపొచ్చింది. ఆవిడ రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, వేరే ఎవరి పాటో వింటున్నట్టు వింటోంది. మొదటి చరణం అయింది. రెండోది అయింది. మూడోది సగంలో ఉండగా డబ్బాలోంచి ఇంకో గొంతు గయ్యిమంది.

"ఏమే! ఎంతసేపే ఆ గోల? ఇక్కడ వార్తలు వినపడి చావట్లేదు. ఆపు!"

పాట ఆగిపోయింది. తర్వాత మా ఆవిడ మాట, నెమ్మదిగా: "చాల్లేవే చెల్లీ. తక్కింది ఇంకోసారి పాడతాలే." అంతే, అయిపోయింది.

"ఇంకోటి ఏమైనా ఉందేమో చూడు బాబూ," అన్నాను.

"ఇదొక్కటేనండి." మెకానిక్ ఇటు తిరక్కుండానే అడిగాడు. "మధ్యలో ఆ డిస్టర్బెన్స్ ఒకటుందండి. తీసేయమంటారా?"

"తీసెయ్."

"తీసేస్తానండి. తీసేసినా ఆ తర్వాత పాట లేదు కదండి మరి."

మా ఆవిడ లేచి, అతనికి కాఫీ తేవడానికి లోపలికి వెళ్ళింది. నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

పెనుగొండలో పిల్లని పీట మీద కూర్చోబెట్టారు. హారతి వెలిగించి, మా మరదలు ఫోన్లో పాట పెట్టింది. రెండు చరణాలు, మూడోదాంట్లో సగం. అక్కడితో ఫోన్ నోరు మూసుకుంది. పళ్ళెంలో కర్పూరం ఇంకా వెలుగుతోంది. ఆడవాళ్ళందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. అప్పుడు మా ఆవిడ ముందుకొచ్చి హారతి పళ్ళెం తీసుకుని, ఆగిన చోటి నుంచి అందుకుంది. పెదాలు కదులుతున్నాయి. గుమ్మంలో నిలబడ్డ నాకు ఏమీ వినపడలేదు.

పెళ్ళికొడుకు తరఫున వచ్చిన ఒక పెద్దావిడ, పాపం ఆవిడకి ఏమీ తెలియదు, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని అంది: "కొంచెం గట్టిగా పాడమ్మా, వినాలనుంది."

ముప్ఫై నాలుగేళ్ళ కాపురంలో ఆ మాట నేను ఒక్కసారి కూడా అనలేదు.