లాకుల కబుర్లు అందించిన పిన్ని

మా పక్కింటి పిన్ని మంగళవారం ఉదయం ఐదు గంటల నలభై నిమిషాలకు తెనాలిలో తన ఇంట్లో చనిపోయారు. గుండెపోటు అని డాక్టరు చెప్పారు. ఏడు గంటలకు బంధువులు ముందు గది ఖాళీ చేశారు. జనాజా పాడె అక్కడే ఉంచాలి కదా. మూలనున్న కంప్యూటర్ వైర్లు ఎవరో పీకి, దాన్ని వంటింట్లోకి జరిపారు. అప్పటి నుంచి బాపట్ల, రేపల్లె కాలవల మీద ఉన్న లస్కర్లకు పైనుంచి కబురు ఆగిపోయింది.

లస్కర్లంటే లాకుల దగ్గర తలుపులు ఎత్తి దించేవాళ్లు. పైన నీళ్లు ఎక్కువగా వదిలే రోజున కింద చివరి లాకుల తలుపులు ముందే ఎత్తి ఉంచాలి. ఆలస్యమైతే గట్టు తెగి నీళ్లు వరి నాట్లు ఊడ్చిన పొలాల మీద పడతాయి. తెనాలి లస్కరు తన ఫోనులో రెండు ముక్కలు రాస్తే పిన్ని కంప్యూటర్ ఆ క్షణమే వాటిని మిగతా ఫోన్లకు అందించేది. అవతలివాళ్లు చూసి 'అందింది' అని కొట్టేదాకా ఆ ఫోన్లు మోగుతూనే ఉండేవి.

దీనికి వాట్సాప్ గ్రూపు చాలదా అని ఒకసారి పిన్నిని అడిగాను.

"గుడ్ మార్నింగ్ పూల కింద నీళ్ల కబురు పడుంటే ఎవరు చూస్తారు నాయనా?" అన్నారు.

ఆమె టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో పనిచేసి రిటైరయ్యారు. అరవై దాటాక, మనవల వయసు పిల్లల పక్కన కూర్చుని కంప్యూటర్ నేర్చుకున్నారు. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు మాట్లాడేవారు. ఎవరు ఫోను చేసినా ముందు కాగితం, పెన్ను దగ్గర పెట్టుకునేవారు. "మీరు అనుకునేది తర్వాత చెబుదురు గానీ, కనపడేది చెప్పండి" అనేవారు. విలేకరిగా ఇన్నేళ్లు పనిచేసిన నేను ఆ మాట ఆమె దగ్గర అరువు తెచ్చుకుని మా కుర్రాళ్లకు చెబుతుంటాను.

కిందటి వానాకాలం రేపల్లె లస్కరు ఫోను చేశాడు. అప్పుడు నేను ఆ గదిలోనే ఉన్నాను.

"అక్కా, లైను కలుస్తంది, పోతంది. ఫోనులో పచ్చ దీపం వెలిగినట్టే వెలిగి ఆరిపోతంది. టవరు దొంగ టవరక్కా ఇది."

"టవర్ని తిట్టేది తర్వాత. ఏ టైముకి పోయింది?"

మూడు రోజులు అందరూ టవర్నే తిట్టారు. ఫోను మార్చారు, సిమ్ము మార్చారు. నాలుగో రోజు పిన్ని బస్సెక్కి రేపల్లె వెళ్లారు. ఆమె ఎదుట పచ్చ దీపం వెలిగింది. వెంటనే, మిగతావాళ్ల లైను ఎలా ఉందో చూద్దామని బాపట్ల లస్కరుకు ఫోను చేశారు.

"ఇప్పుడే పోయిందక్కా" అన్నాడతను.

ఇంటికొచ్చి కంప్యూటర్‌లో నమోదైన వేళలు వరసగా చూశారు. ఒకరు కలిసిన సెకనుకే రెండోవారు తెగిపోతున్నారు. మళ్లీ రేపల్లెకు ఫోను చేశారు.

"పేరు రాయమన్నచోట ఏం రాశావు తమ్ముడూ?"

"లస్కరు అని రాశానక్కా."

"అసలు పేరు లేదా నీకు?"

"ఉంది గానీ ఆ పేరుతో నన్నెవరు పిలుస్తారు? మా ఇంటిది కూడా లస్కరనే అంటది."

బాపట్ల ఆయన కూడా అదే రాశాడు. ఒక పేరుతో ఒక్కరినే ఉండనివ్వడం ఆ కంప్యూటర్ పద్ధతి. రెండోవాడు కలిస్తే, మొదటివాడే తిరిగొచ్చాడనుకుని పాత లైను తెంచేస్తుంది. పిన్ని నవ్వలేదు. "ఇది నా తప్పు. ఆ పేరు దేనికో మీకు ముందే చెప్పాల్సింది" అన్నారు. పేర్ల ముందు ఊళ్లు చేర్పించారు. ఆ వారమే పెద్ద వాన పడింది. కబురు వేళకు చేరింది, గట్టు నిలిచింది. ఆ వార్త నేను రాశాను. తన పేరు వేయొద్దన్నారు, వేయలేదు. ఇప్పుడూ వేయడం లేదు.

మంగళవారం మధ్యాహ్నం జొహర్ నమాజు తర్వాత ఖననం జరిగింది. సాయంత్రం ఆమె కూతురు కంప్యూటర్ నాకు అప్పగించింది. మా ఇంట్లో పెట్టి ఆన్ చేస్తే నడిచింది గానీ ఒక్కరూ కలవలేదు. ఇల్లు మారడంతో కంప్యూటర్ ఇంటర్నెట్ చిరునామా మారింది, ఫోన్లు మాత్రం పాత చిరునామానే వెతుకుతున్నాయి. ఒక్కో ఫోనులో చేత్తో మార్చాలి. తెనాలి ఫోను ఆ సాయంత్రమే అయింది, బాపట్లది బుధవారం మధ్యాహ్నానికి అయింది. రేపల్లెది ఫోను మీద గంటసేపు చెప్పినా కాలేదు. మామూలు ఫోనులో చెప్పుకోవచ్చు కదా అంటారేమో. చెప్పుకుంటున్నాం. బుధవారం ఉదయం నుంచి ఎడతెగని వాన. గట్టు మీదున్న రేపల్లె లస్కరు నాలుగుసార్లు చేస్తే ఒకసారి ఎత్తాడు.

"అక్కుంటే ఏది నొక్కాలో చెప్పేది సారూ. మీరు చెప్పేది నాకెక్కట్లా" అన్నాడు.

నిజమే.

గురువారం ఉదయం పది గంటలకు పైన నీళ్లు వదులుతారు. ఏడు గంటల బస్సుకు నేను రేపల్లె వెళ్తున్నాను. లస్కరు ఫోను పట్టుకుని బస్టాండులో నిలబడతానన్నాడు.